నెల్లూరు తీరాన మూడు రోజులు

నెల్లూరనగానే మనవాళ్ళకు మొలగొలుకుల బియ్యమూ, మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసూ జ్ఞాపకం వస్తాయి. సాహిత్యాభిమానులకు తిక్కన సోమయాజీ, పెన్నానదీ జ్ఞాపకం వస్తాయి. కాని ఈ జిల్లాకు తూర్పున పొడుగునా సముద్రమున్నదనీ, ఆ సముద్రాన్ని నమ్ముకున్నవారికి భయంతో కాపురం చేసే విద్య తరతరాలుగా అలవడివున్నదనీ ఎవరూ అంతగా చెప్పుకోరు. మొన్న మాఘమాసంలో మూడురోజులపాటు ఆ తీరం వెంట తిరిగి వచ్చాను. ఇసుకా, కెరటాలూ, సూర్యోదయమూ ఎలాగూ వున్నవి. వాటితోపాటు చూచిన నాలుగు సంగతులు ఇంటిల్లిపాదికీ పనికివస్తాయని తోచి ఇది వ్రాస్తున్నాను.

ఈ ప్రయాణానికి కారకులు మా బావగారు. ఆయన ముప్ఫయ్యేళ్ళు బ్యాంకులో లెక్కలు చూచి, రిటైరై, బెజవాడలో స్థిరపడ్డవారు. 2021 మే నెలలో, కరోనా రెండోమారు విజృంభించినప్పుడు, వారి అన్నగారు పోయారు. వేలికి తగిలించే ఆక్సిజను మీటరులో అంకె తొంభై నుంచి ఎనభైకి, ఎనభై నుంచి డెబ్భైకి దిగిపోతూవుంటే బావగారు పక్కన కూర్చుని చూచారు. చూడటం తప్ప చేయగలిగినది లేకపోయింది. అప్పటినుంచీ ఆయన తనను తాను కొలుచుకోవటం మొదలుపెట్టారు.

నిద్ర లేవగానే రక్తపోటు, కాఫీకి ముందొకమారు, కాఫీ తర్వాత ఒకమారు, భోజనానికి ముందొకమారు, పడుకోబోయేముందు ఒకమారు. చేతికొక గడియారం, అది రోజుకెన్ని అడుగులు వేశారో, రాత్రి ఎంతసేపు గాఢంగా నిద్రపోయారో చెపుతుంది. పదివేల అడుగులు పూర్తి కాకపోతే రాత్రి పదిగంటలకు హాల్లో పచార్లు చేసి లెక్క సరిచేస్తారు. ఈ పదివేల లెక్క ఏ వైద్యుడి పరిశోధనలోంచీ పుట్టలేదు. 1965లో జపానులో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరాన్ని అమ్మకానికి పెడుతూ, దానికి 'పదివేల అడుగుల మీటరు' అని అర్థమొచ్చే పేరు పెట్టారు. ఆ పేరే లోకానికంతటికీ శాసనమై కూర్చున్నది. ఈ మాట చెపితే బావగారు, "నడవటం మంచిదా, కాదా?" అన్నారు. మంచిదే మరి. అందుకు సమాధానం లేదు.

చిక్కంతా ఏమిటంటే, గడియారం 'నీకు నిద్ర సరిగా పట్టలేదు' అని చెప్పిననాడు, అంతవరకూ హుషారుగా వున్న మనిషి కాస్తా నీరసించిపోయేవారు. ఇటువంటి బాధకు అమెరికాలో పరిశోధకులు 2017లో 'ఆర్థోసోమ్నియా' అని పేరుకూడా పెట్టారు. మంచి నిద్రకోసం నిద్రనే కాపలా కాస్తూ కూర్చోవటమన్నమాట. డాక్టరుగారు అన్ని పరీక్షలూ చేయించి, "గుండె దివ్యంగా వున్నదండీ. వున్న జబ్బల్లా ఆందోళనే. పొద్దునొకమారు, సాయంత్రమొకమారు, అయిదు నిమిషాలు నెమ్మదిగా కూర్చున్న తర్వాత చూచుకోండి, చాలు. అస్తమానం చూస్తే ఆ చూడటానికే పెరుగుతుంది" అన్నారు. బావగారు డాక్టర్ను మార్చారు.

ఈ లెక్కల మధ్య నలిగిపోయినది మా అక్కయ్య. పూనాలో కూతురికి బిడ్డ పుట్టి మూడేళ్ళు నిండినవి. రైల్లో తనకేదయినా అయితే ఆసుపత్రి ఎక్కడున్నదని బావగారి బెంగ. ఆ బెంగతో ఆయన కదలరు. ఆయన్ను వదిలి అక్కయ్య కదలదు. "మనవరాలు ఫోనులో కనపడే అమ్మమ్మను బొమ్మ అనుకుంటున్నదిరా తమ్ముడూ" అన్నది నాతో. నాలుగు గంటల ప్రయాణమే కదా అని నచ్చచెప్పి, రక్తపోటు మిషనుతో సహా బావగారిని పినాకినీ ఎక్స్‌ప్రెస్సు ఎక్కించాను.

మొదటిరోజు కృష్ణపట్నం వెళదామన్నది బావగారే. నాకు ఆశ్చర్యం వేసింది కాని, కారణం అడగలేదు. నెల్లూరికి పాతిక కిలోమీటర్లు. దారిపొడుగునా బొగ్గులారీలు, దూరాన నేలటూరులో దామోదరం సంజీవయ్య విద్యుత్కేంద్రం గొట్టాలు. కండలేరు ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట రేవు. ఒకవైపు కొండల్లా బొగ్గురాసులు, ఇంకోవైపు చిన్న చిన్న ఫైబరు పడవలు. ఊరు మాత్రం మామూలు పల్లె.

ఈ పల్లె పేరు 2021 మే నెలలో దేశమంతటా మారుమోగింది. బొనిగి ఆనందయ్యగారనే ఆయన తేనె, జాజికాయ, వేపచిగుళ్ళు, నేరేడుచిగుళ్ళు వంటివాటితో మందు చేసి ఉచితంగా పంచుతున్నారని తెలిసి జనం విరగబడ్డారు. దేశంలో రోజుకు నాలుగు లక్షల కేసులు దాటిన రోజులవి. ఆసుపత్రిలో మంచం లేదు, ఆక్సిజను లేదు. మే 21వ తేదీన ఒక్కసారిగా వేలకు వేలు వచ్చిపడటంతో పంపిణీ ఆగిపోయింది. అంబులెన్సుల్లో రోగుల్ని తీసుకువచ్చినవారు కూడా వున్నారు. ఆయుర్వేద పరిశోధన మండలివారు పరిశీలించి, మందువల్ల హాని కనపడలేదనీ, కరోనా నయమవుతుందనేందుకు మాత్రం ఆధారాలు లేవనీ తేల్చారు. మే 31న ప్రభుత్వం అనుమతించింది. కంట్లో వేసే చుక్కలకు మాత్రం అనుమతి ఇవ్వలేదు. వైద్యులిచ్చే మందులు మానవద్దనీ, రోగులు స్వయంగా రావద్దనీ చెప్పింది.

టీకొట్టు దగ్గర ఆగాము. కొట్టు నడిపే పెద్దమ్మ ఆనాటి సంగతి ఎత్తగానే చెయ్యి తిప్పుతూ చెప్పుకొచ్చింది. "అబ్బయ్యా, మడిసి మీద మడిసి. కాలు పెట్టను సందు లేదు. మందు తాగి బతికినోళ్ళుండారు. తాగి పొయ్యినోళ్ళుండారు. తాగకుండా బతికినోళ్ళూ ఉండారు. ఎవురి సంగతి ఎవురికి తెలుసు!"

బావగారు గ్లాసు కింద పెట్టేశారు. కొంతసేపటికి, నాతో కాదు, ఉప్పుటేటితో అన్నట్లుగా అన్నారు: "ఆ మందుకోసం నేను ఒంగోలు దాకా వచ్చాను. పంచటం ఆపేశారని అక్కడ తెలిసింది. వెనక్కి తిరిగాను. మూడోనాడు అన్నయ్య పోయాడు. ముందురోజే బయలుదేరివుంటే..."

అక్కయ్యకు కూడా ఈ సంగతి తెలియదు. ఇన్నేళ్ళూ ఆ మనిషి ఒక్క రోజు ఆలస్యాన్ని మెడకు కట్టుకుని తిరుగుతున్నారన్నమాట. ఆ పూట చేజారినదాన్ని మళ్ళీ చేజారనివ్వకూడదని రోజుకు అయిదుమార్లు కొలుచుకుంటున్నారన్నమాట. నేనేమని ఓదార్చగలను? పెద్దమ్మ చెప్పినదానిలోనే ఓదార్పు వున్నది. కరోనా వచ్చినవారిలో అత్యధికులు ఏ మందు తిన్నా, తినకపోయినా కోలుకున్నారు. అందువల్ల తిన్న ప్రతి మందుకూ పేరొచ్చింది. పోయినవారి బంధువులకు మాత్రం తినిపించలేకపోయిన మందు మిగిలిపోయింది. ముందురోజు బయలుదేరివుంటే మందు దొరికేదేమో కాని, అన్నగారు దక్కేవారని చెప్పటానికి ఆధారం లేదు. ఇదే మాట మెల్లిగా చెప్పాను. ఆయన అవుననలేదు, కాదనలేదు. ఆ సాయంత్రం రక్తపోటు చూచుకోవటం మాత్రం మరచిపోయారు. అక్కయ్యా, నేనూ జ్ఞాపకం చేయలేదు.

రెండోరోజు మైపాడు వైపు బయలుదేరాము. పెన్న ఒడ్డున పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమం వున్నది. దిగుమర్తి హనుమంతరావుగారూ, చతుర్వేదుల కృష్ణయ్యగారూ స్థాపించగా, 1921 ఏప్రిల్ 7న గాంధీమహాత్ముడు ప్రారంభించాడు. దక్షిణాఫ్రికాలో ఆయన మిత్రుడైన పార్సీ రుస్తుంజీగారు విరాళమిచ్చారు. నదిగాలి, ఇసుకతిన్నెలు, నిశ్శబ్దం. పిల్లలతో వెళ్ళేవారు ఒక పూటయినా గడపవలసిన చోటు.

ఆరోగ్య నియమాలకు గాంధీగారిని మించినవారు లేరు. తిండి తూచి తినేవాడు, మట్టిపట్టీలు వేసుకునేవాడు, రోజూ మైళ్ళకు మైళ్ళు నడిచేవాడు. 1942లో జైలులో కూర్చుని ఆరోగ్యం మీద పుస్తకమే వ్రాశాడు. అయినా ఆయన రక్తపోటు 1940 ఫిబ్రవరిలో 220/110! భారత వైద్య పరిశోధన మండలి 2019లో వెలువరించిన ప్రత్యేక సంచికలో ఆ అంకె వున్నది. బరువు 46.7 కిలోలు. ఇంత నియమంగా బ్రతికిన మనిషికి, చిక్కి శల్యమైన మనిషికి, అంత రక్తపోటు! ఇది చెప్పగానే బావగారు నిలుచుండిపోయారు. "220 అయితే ఇప్పుడు అంబులెన్సు పిలవాలోయ్" అన్నారు. నిజమే, ఈ కాలంలో మంచి మందులున్నవి, వేసుకోవలసిందే. నేను చెప్పవచ్చినది వేరు. ఆయన నియమాలు ఒంటిని పూర్తిగా లొంగదీసుకోలేదు. కాని ఆయన్ను ఇంట్లోనూ కూర్చోబెట్టలేదు. అరవయ్యేళ్ళ వయస్సులో 24 రోజులు నడిపించి దండి సముద్రం దగ్గరకు తీసుకుపోయినవి. నియమం మంచిదా చెడ్డదా అని తేల్చుకోవటానికి ఇంతకంటె సులువైన పరీక్ష నాకు తోచదు. అది మనల్ని గడప దాటిస్తున్నదా, గడప లోపల కట్టేస్తున్నదా?

పల్లిపాడు దాటితే వరిచేలు తగ్గి రొయ్యలగుంటలు మొదలవుతాయి. ఎటు చూచినా చదరాలు చదరాలుగా నీళ్ళు, వాటిలో గిరగిర తిరుగుతూ తుంపరలు లేపే ఏరియేటర్లు. గట్టు చుట్టూ పీతలు రాకుండా వలకంచె, పైన పిట్టలు వాలకుండా దారాలు, గట్టెక్కేచోట కాళ్ళు ముంచటానికి మందునీళ్ళ తొట్టి. ఒక రైతు మమ్మల్ని కేకేసి పిలిచి గుంట చూపించాడు. 1994, 95 ప్రాంతాల్లో తెల్లమచ్చ వైరసు వచ్చి టైగరు రొయ్య రాత్రికి రాత్రే తెప్పలుగా తేలి, ఈ తీరంలో ఎన్నో కుటుంబాలు చితికిపోయినవట. ఆ వైరసుకు ఈనాటికీ మందు లేదు. రాకుండా చూచుకోవటమొక్కటే మార్గం. 2009 తర్వాత వచ్చిన వెనామీ రొయ్యకూ అది తగులుతుంది.

"మరి నీకు నిద్ర ఎలా పడుతుందయ్యా?" అని అక్కయ్య అడిగింది.

"తెల్లవారుజామునే లేస్తానమ్మా. నీళ్ళలో ఆక్సిజను అప్పుడే తగ్గేది. ఏరియేటర్లు తిరగతా ఉండాయో లేదో చూసుకుంటా, డీజిలు చూసుకుంటా. ఇంకేం చేసేది? మొన్న 2025లో అమెరికావోడు సుంకం యాభై చేసినాడు. దానికి నేనేం చేసేది?"

బావగారు తన సహజధోరణిలో, రొయ్య ఎదుగుదల రోజూ తూచి చూస్తావా అని అడిగారు. రైతు నవ్వాడు. "రోజూనా సామీ? వల యిసిరి పట్టి తూసేది వారానికొకసారే. అస్తమానం వల యేస్తే రొయ్య బెదురుద్ది. బెదిరిన రొయ్య మేత తినదు, ఎదగదు. సూసిందే దానికి జబ్బయి కూర్చుంటాది."

అక్కయ్య నా వంక చూచింది. నేను గుంట వంక చూచాను. బావగారు మాత్రం అదేదో బ్యాంకు సర్క్యులరన్నట్లు, "వారానికొకసారే!" అని రెండుమార్లు అనుకున్నారు. డాక్టరుగారు చెప్పినప్పుడు చెవికెక్కని మాట రొయ్యలరైతు నోట ఎక్కినట్లే వున్నది. ఆ రాత్రి మైపాడులో బస. రెండుపూటలా చేపల పులుసు. బావగారు ఉప్పు తగ్గించమని చెప్పి మరీ తిన్నారు. ఆ నియమాన్ని నేను తప్పుపట్టను. రోజుకు అయిదు గ్రాములు దాటవద్దని ప్రపంచ ఆరోగ్యసంస్థే చెపుతున్నది.

మూడోరోజు సూర్యోదయానికి తీరం మీద వున్నాము. పడవలు వస్తున్నవి, పోతున్నవి. ఒక ముసలాయన వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. చిన్నప్పుడు ఉప్పుటేట్లో, పెద్దయిన తర్వాత సముద్రంలో వేట చేసినవాడు. పడవ ముక్కుకు పసుపూ, కుంకుమా పెట్టివున్నది. ఉప్పుటేట్లో తిరిగే పడవకూ ఇలాగే పెడతారా అని అడిగాను. "ఏటికెందుకయ్యా? అది మనకు తెలిసిన నీళ్ళు గదా" అన్నాడు.

నాకు మాలినోవ్‌స్కీ జ్ఞాపకం వచ్చాడు. మొదటి ప్రపంచయుద్ధకాలంలో పసిఫిక్ మహాసముద్రంలోని ట్రోబ్రియాండు దీవుల్లో నివసించిన మానవశాస్త్రజ్ఞుడాయన. అక్కడి జాలర్లు తీరం దగ్గర ప్రశాంతంగా వుండే మడుగులో వేటాడేటప్పుడు ఏ మంత్రతంత్రమూ చేయరనీ, ప్రమాదమున్న నడిసముద్రంలోకి పోయేటప్పుడే తంతులన్నీ చేస్తారనీ ఆయన గమనించాడు. చేతికి అందినంతవరకూ మనిషి నేర్పును నమ్ముకుంటాడు. అందనిచోట ఏదో ఒక తంతు పట్టుకుంటాడు. ఆ తంతు పసుపుబొట్టు కావచ్చు, చేతిగడియారం కావచ్చు. అది తప్పు కాదు, మనిషికి ధైర్యమిస్తుంది. తంతుతో సముద్రాన్ని లొంగదీశాననుకుంటేనే ప్రమాదం.

ముసలాయనకు ఆ భ్రమ లేదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుపానును చూచినవాడాయన. 2004 డిసెంబరు 26 నాటి సునామీనీ చూచాడు. "వాన, గాలి మన చేతిలో లేవు. వల మన చేతిలో ఉండాది, ఇంజను మన చేతిలో ఉండాది. రేవులో హెచ్చరిక పెడితే పోకుండా ఉండేదీ మన చేతిలోనే ఉండాది. షెల్టరుకు పొమ్మంటే పోతాం. పెట్టకపోతే యాటకు పోతాం. సముద్రాన్ని చూస్తా గట్టున కూర్చుంటే బువ్వ ఎవురు పెడతారు?"

రేవుల్లో ఎగరేసే తుపాను సూచికలు పదకొండు. పదోది అతి పెద్ద ప్రమాదానికి గుర్తు. పదకొండోదానికి అర్థం మరీ విచిత్రం: వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయినవి, ఇక మీ ఇష్టం. అంత కట్టుదిట్టంగా లెక్కలు వేసినవారు కూడా ఆఖరున ఒక గడి మనకు తెలియనిదానికోసం వదిలిపెట్టారు. బావగారికి ఈ సంగతి ఎంతో నచ్చింది.

సాయంత్రం రైలుకు ముందు, నెల్లూరులో బారాషహీద్ దర్గా పక్కనున్న స్వర్ణాల చెరువు చూడటానికి వెళ్ళాము. ఏటా మొహరం నెలలో ఇక్కడ రొట్టెల పండుగ జరుగుతుంది. హిందువులు, మహమ్మదీయులు, అన్ని మతాలవారూ చెరువులో దిగి రొట్టెలు మార్చుకుంటారు. ఆరోగ్యరొట్టె, ఉద్యోగరొట్టె, పెళ్ళిరొట్టె. ఏ కోరికకు ఆ రొట్టె. మేము వెళ్ళింది పండుగ రోజుల్లో కాదు గనుక మెట్లు ఖాళీగా వున్నవి. ఆటో అతను విడమరచి చెప్పాడు: "కోరిక తీరినోళ్ళు మరుసటేడు రొట్టె తెచ్చి, అదే కోరిక ఉన్నోళ్ళకియ్యాల. ఎవురికి వాళ్ళు చేసుకుని తినేది కాదు సార్."

"అంటే," అన్నది అక్కయ్య నెమ్మదిగా, "మనకివ్వాళ వున్న భయం నిరుడు ఇంకొకరిదన్నమాట. వాళ్ళు దాటి వచ్చి మన చేతిలో పెడతారన్నమాట."

రొట్టె తింటే జబ్బు నయమవుతుందని నేననను. కాని ఇన్ని పరికరాలూ చేయలేని పని ఒకటి ఆ చెరువులో జరుగుతున్నదని మాత్రం అంటాను. మిషను మన అంకె మనకే చెపుతుంది. మనల్ని ఒంటరిగా కూర్చోబెట్టి చెపుతుంది. అక్కడ భయాన్ని పదిమందిలో, మోకాటిలోతు నీళ్ళలో నిలబడి, ఎదుటిమనిషితో చెప్పుకోవాలి. బావగారు అన్నగారి సంగతి నోరు విప్పి చెప్పటానికి ఏళ్ళు పట్టింది. ఆ మాట బయటపడ్డాక ఆయన ముఖం తేరుకున్నంతగా, ఏ మాత్ర వేసుకున్నప్పుడూ తేరుకోగా నేను చూడలేదు. ఇటువంటి ఆందోళనకు మంచి వైద్యులున్నారు, వైద్యమూ వున్నది. అందుకు సిగ్గుపడనక్కరలేదు. కాని ఆ వైద్యం కూడా చెప్పుకోవటంతోనే మొదలవుతుంది.

తిరుగు రైలులో బావగారు మిషను బయటకు తీశారు. సాయంత్రం లెక్క ఒకటి బాకీ వున్నదట. అయిదు నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చుని, చూచుకుని, పుస్తకంలో వ్రాసి, మిషను పెట్టెలో పెట్టేశారు. మళ్ళీ తీయలేదు. ఒంగోలు దాటిన తర్వాత, "ఏమోయ్, పూనాకు ఎన్ని గంటల ప్రయాణం?" అని అడిగారు.

నేను జవాబు చెప్పేలోపల అక్కయ్య చెప్పింది. రైలు పేరు, బయలుదేరే వేళ, చేరే వేళ, దారిలో ఏ స్టేషనులో ఎంతసేపు ఆగుతుందో అన్నీ చెప్పింది. మూడేళ్ళుగా ఆవిడ కంఠస్థం చేసిన లెక్క అది.